నీ అవసరం లేని చోటికే వెళ్ళు

అమెరికాలో హైస్కూలు బాస్కెట్‌బాల్ గొప్పగా ఆడే కుర్రాడికి పదహారేళ్ళు వచ్చేసరికి ఇంట్లో ఫోను మోగడం ఆగదు. కోచ్‌లు, వాళ్ళ అసిస్టెంట్లు, ఏజెంట్లు, వేసవి జట్లు నడిపే పెద్దమనుషులు, బూట్ల కంపెనీల వాళ్ళు, ఎన్నడూ గుమ్మం తొక్కని బంధువులు. ఎవరు ఎలా మాట్లాడినా చివరికి ఇచ్చే సలహా ఒక్కటే: నీ అవసరం ఎక్కడ ఎక్కువ ఉందో అక్కడికి వెళ్ళు. బంతి నీ చేతిలో ఉండే చోటికి, మొదటి మ్యాచ్ నుంచే నిన్ను మొదటి అయిదుగురిలో నిలబెట్టే చోటికి, నీ నిలువెత్తు బొమ్మ గోడకెక్కించే చోటికి వెళ్ళు.

నేను చెప్పబోయేది దీనికి పూర్తిగా ఎదురు. నీ అవసరం అన్నిటికంటే తక్కువ ఉన్న కాలేజీని ఎంచుకో. నువ్వు రాకపోయినా గెలిచే జట్టులోకి వెళ్ళు. నీకంటే బాగా ఆడేవాళ్ళు ఉన్నచోట బెంచీ మీద కూర్చో. ఈ మాట వింటే తండ్రులకు కోపం వస్తుందని, ఏజెంట్లు నవ్వేస్తారని నాకు తెలుసు. అయినా ఇదే చెబుతాను. ఎందుకు చెబుతున్నానో ఆఖరుదాకా విను.

ఈ వ్యవహారం తెలియనివాళ్ళ కోసం ముందు కొంచెం. మన దగ్గర పదో తరగతిలో మార్కులు బాగా తెచ్చుకున్న పిల్లల ఇళ్ళ చుట్టూ కార్పొరేట్ జూనియర్ కాలేజీల పీఆర్వోలు తిరిగినట్టే, అక్కడ ఆటగాళ్ళ ఇళ్ళ చుట్టూ కాలేజీ కోచ్‌లు తిరుగుతారు. కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ మొదటి డివిజన్‌లో పురుషుల జట్లున్న కాలేజీలు 360కి పైనే. నైకీకి ఒకటి, అడిడాస్‌కు ఒకటి, అండర్ ఆర్మర్‌కు ఒకటి చొప్పున వేసవి సర్క్యూట్లు ఉంటాయి. జూలైలో దక్షిణ కరోలినాలోని నార్త్ ఆగస్టాలో నైకీ వాళ్ళు నడిపే పీచ్ జామ్‌కు వెళితే దేశంలోని పెద్ద కోచ్‌లంతా కోర్టు పక్కన వరసగా కూర్చుని కనిపిస్తారు. 2005లో ఎన్‌బీఏకూ ఆటగాళ్ళ సంఘానికీ కుదిరిన ఒప్పందంతో హైస్కూలు నుంచి నేరుగా ఎన్‌బీఏలోకి దూకే దారి మూసుకుపోయింది. ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్ళను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ జరిగే ఏడాదిలో పందొమ్మిదేళ్ళు నిండాలి, హైస్కూలు ముగిసి ఏడాది గడవాలి. అందుకని మొదటి వరస కుర్రాళ్ళలో చాలామందికి కాలేజీ అంటే ఒక్క సీజన్, నవంబరు నుంచి ఏప్రిల్ మొదటి వారం దాకా. ఆ అయిదు నెలలు ఎక్కడ గడపాలన్నదే అసలు ప్రశ్న. ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో స్కూలు జట్టులో ఆడే పిల్లలున్న తెలుగువాళ్ళ ఇళ్ళలోనూ ఇప్పుడీ మాటలు నడుస్తున్నాయి. అంతటి ఆటగాడు మన ఇంట్లో లేకపోయినా, పిల్లవాడి చదువు గురించో పని గురించో ఆలోచించేవాళ్ళు వింటే నష్టం లేదు.

మొదటి అయిదుగురిలో చోటు ఇస్తానన్నవాడి పేరు కొట్టెయ్యి

మీ ఇంటికొచ్చిన కోచ్ సోఫాలో కూర్చుని "మొదటి రోజు నుంచే నువ్వు మా స్టార్టర్‌వి" అన్నాడనుకో. ఆ ఒక్క మాటలో నీకు రెండు సంగతులు తెలిసిపోవాలి. ఒకటి, ఆ స్థానంలో ఆడగలవాడు అతని దగ్గర లేడు. రెండు, నువ్వు తప్పు చేసినా అతను నిన్ను కూర్చోబెట్టలేడు. నిన్ను కూర్చోబెట్టలేని కోచ్ నీకేమీ నేర్పలేడు. ఎందుకంటే పద్దెనిమిదేళ్ళ కుర్రాడి మీద కోచ్‌కు ఉన్న ఆయుధం ఆడే నిమిషాలే. తిట్లు రెండో రోజుకు పాతబడతాయి. వీడియో చూపించి చెప్పినదాంట్లో సగం చెవికెక్కదు. వచ్చి కూర్చో అని బెంచీ చూపిస్తే మాత్రం ఎంతటివాడికైనా ఆ రాత్రి నిద్ర పట్టదు.

బెన్ సిమ్మన్స్‌ను గుర్తు తెచ్చుకో. ఆస్ట్రేలియాలో పుట్టి, ఫ్లోరిడాలోని మాంట్‌వర్డ్ అకాడెమీలో ఆడి, దేశంలోనే మొదటి వరస ఆటగాడనిపించుకుని, 2015లో లూసియానా స్టేట్‌కు వెళ్ళాడు. అక్కడి అసిస్టెంట్ కోచ్ డేవిడ్ ప్యాట్రిక్ అతనికి గాడ్‌ఫాదర్. జట్టంతా అతని చుట్టూనే తిరిగింది. బంతి తెచ్చేది అతనే, పంచేది అతనే, రీబౌండు అందుకునేదీ అతనే. ఆ సీజన్‌లో 33 మ్యాచ్‌లు ఆడి మూడు పాయింట్ల గీత బయటి నుంచి వేసిన షాట్లు మొత్తం 3. ఈ అంకె మీద కాసేపు ఆగు. దూరం నుంచి షాట్ వేయడం అతని ఆటలో లోటని కోచ్‌లందరికీ తెలుసు. కానీ ఆ జట్టులో "నువ్వు వేసేదాకా నిన్ను ఆడించను" అనగల స్థితిలో ఎవరూ లేరు, అతను లేకపోతే ఆడటానికి జట్టే లేదు కాబట్టి. ఆ ఏడాది లూసియానా స్టేట్‌కు 68 జట్ల ఎన్‌సీఏఏ టోర్నమెంటులో చోటు దక్కలేదు. సిమ్మన్స్ మాత్రం 2016 డ్రాఫ్ట్‌లో మొదటివాడుగా వెళ్ళాడు. ఆ షాట్ లేని లోటు ఎన్‌బీఏలోనూ అతన్ని వదల్లేదు. ఆ ఒక్క ఏడాది ఎవరైనా మొండిగా అడ్డుపడి ఉంటే అతని కథ వేరుగా ఉండేదని నా గట్టి నమ్మకం.

ఆ మరుసటి ఏడాది మార్కెల్ ఫుల్ట్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. మ్యాచ్‌కు సగటున 23 పాయింట్లు చేశాడు. జట్టు 9 గెలిచి 22 ఓడింది. కోచ్ లొరెంజో రోమార్ ఉద్యోగం పోయింది. ఫుల్ట్జ్ 2017 డ్రాఫ్ట్‌లో మొదటి పిక్.

ఇక్కడ ఎవరైనా అడ్డు తగులుతారు: "చూశావా, ఓడిపోయే జట్టులో ఆడినా మొదటి పిక్ అయ్యాడుగా, ఇంకేం కావాలి?" నిజమే. ఆంథనీ ఎడ్వర్డ్స్ కూడా 16 గెలిచి 16 ఓడిన జార్జియా జట్టు నుంచే 2020లో మొదటివాడుగా వెళ్ళాడు, వెళ్ళి ఎంతో ఎదిగాడు కూడా. డిలన్ హార్పర్, ఏస్ బెయిలీ ఇద్దరూ రట్గర్స్‌లో 15 గెలిచి 17 ఓడిన జట్టులో ఉండి 2025లో రెండో పిక్కు, అయిదో పిక్కు అయ్యారు. కానీ ఈ ఉదాహరణలు నా మాటకే బలం. ఎన్‌బీఏ స్కౌట్లు నీ జట్టు గెలుపోటములు చూడరు, నీ పాయింట్ల సగటు చూసి మోసపోరు. నీ చేతులు, కాళ్ళు, నిర్ణయాలు చూస్తారు. అవి నువ్వు ఏ జట్టులో ఉన్నా కనిపిస్తాయి. అలాంటప్పుడు అంకెలు పోగేసుకోవడానికి బలహీనమైన జట్టుకు వెళ్ళి ఏం బావుకుంటావు? డ్రాఫ్ట్‌లో చోటు ఎలాగూ దక్కేదే అయితే, ఆ ఏడాది నుంచి నువ్వు తీసుకోగలిగింది నేర్చుకోవడం ఒక్కటే.

నీ స్థానంలో నీకంటే మెరుగైనవాణ్ణి వెతుక్కో

ఒక మ్యాచ్‌లో 40 నిమిషాలు, కోర్టులో అయిదుగురు. కోచ్ పంచగలిగినవి 200 నిమిషాలు. ఇంటికొచ్చిన ప్రతి కోచ్‌నూ ఆ 200 నిమిషాలు ఎవరెవరికి ఎన్నెన్ని అని కాగితం మీద రాయమను. ముప్ఫై నిమిషాలకు తక్కువ కాకుండా నీకు రాసినవాళ్ళను పక్కన పెట్టు. ఇరవై రాసి, "మిగతావి నువ్వు సంపాదించుకోవాలి" అన్నవాడితో రెండోసారి మాట్లాడు.

డెవిన్ బుకర్ చేసింది ఇదే. మిసిసిపీలోని మాస్ పాయింట్ కుర్రాడు. తండ్రి మెల్విన్ బుకర్ మిజోరీలో పేరు మోసిన ఆటగాడు, 1994లో ఆ కాలేజీ ఆడే లీగ్‌లో ఉత్తమ ఆటగాడు. మిజోరీకి వెళ్ళి ఉంటే తండ్రి పేరు తోడుగా మొదటి రోజే కోర్టులో నిలబడేవాడు. వెళ్ళింది కెంటకీకి. 2014-15లో ఆ జట్టులో ఎంతమంది ఉన్నారంటే కోచ్ జాన్ క్యాలిపారి అయిదుగురు చొప్పున రెండు దళాలు చేసి విడతల వారీగా దింపేవాడు. సీజన్ మొత్తంలో ఒక్కరికి కూడా సగటున ముప్ఫై నిమిషాలు రాలేదు. బుకర్ 38 మ్యాచ్‌లు ఆడాడు, ఒక్కదాంట్లోనూ మొదటి అయిదుగురిలో లేడు. ప్రతిసారీ బెంచీ మీంచి లేచి వచ్చాడు. జట్టు వరసగా 38 గెలిచి ఎన్‌సీఏఏ టోర్నమెంటు సెమీఫైనల్ దశ అయిన ఫైనల్ ఫోర్‌లో విస్కాన్సిన్ చేతిలో 71-64తో ఓడింది. ఆ ఏడాది ఒక్క కెంటకీ నుంచే ఆరుగురు డ్రాఫ్ట్ అయ్యారు. ఆ జట్టులో సుమారు 21 నిమిషాలే ఆడిన కార్ల్-ఆంథనీ టౌన్స్ మొదటి పిక్. బెంచీ మీది బుకర్ 13వ పిక్. రెండేళ్ళు తిరక్కుండా, ఇరవై ఏళ్ళ వయసులో బోస్టన్ మీద ఒక్క మ్యాచ్‌లో 70 పాయింట్లు చేశాడు.

బెంచీ మీద కూర్చోవడం వల్లే గొప్పవాడయ్యాడని నేననను. కానీ ప్రాక్టీసులో రోజూ అతనికి ఎదురు నిలిచినవాళ్ళు ఎవరో చూడు. అలాంటివాళ్ళ మీద రోజూ షాట్ వేయాలంటే బంతి ఎంత త్వరగా వదలాలో, బంతి లేనప్పుడు ఎక్కడికి పరుగెత్తాలో తనంతట తనే నేర్చుకోవాల్సిందే. బలహీనమైన జట్టులో వారానికి రెండు మ్యాచ్‌లలో దొరికే పోటీ అతనికి వారంలో ప్రాక్టీసు ఉన్న ప్రతి రోజూ దొరికింది. ఆటగాడు ఎదిగేది తలుపులు మూసిన ప్రాక్టీసులోనే, టీవీలో వచ్చేది ఆ ఎదుగుదలలో చిన్న ముక్క.

మిచిగన్ స్టేట్‌లో జారెన్ జాక్సన్ జూనియర్ 2017-18లో మ్యాచ్‌కు 22 నిమిషాల లోపే ఆడాడు. టామ్ ఇజో 1995 నుంచీ అక్కడే ఉన్న కోచ్, టీవీ కెమెరాల ముందే ఆటగాళ్ళ మీద గొంతు చించుకుని అరిచే మనిషి. జాక్సన్ 2018లో నాలుగో పిక్, 2023లో ఎన్‌బీఏ ఉత్తమ డిఫెండర్.

నా మాటకు ఎదురు సాక్ష్యమూ ఉంది, దాచను. 2018-19 డ్యూక్ జట్టుకు ఆ ఏడాది దేశంలో మొదటి మూడు స్థానాల్లో లెక్కించిన ఆర్.జె. బారెట్, జాయన్ విలియమ్సన్, క్యామ్ రెడిష్ ముగ్గురూ కలిసి వెళ్ళారు. జాయన్ మొదటి పిక్, బారెట్ మూడో పిక్. రెడిష్ మాత్రం షాట్లు పడక, మూలన నిలబడి మిగతా ఇద్దరినీ చూస్తూ గడిపిన సీజన్ తరవాత పదో స్థానానికి జారాడు. వేరే చోట అతను ఇంకా పైకి వెళ్ళేవాడని అనేవాళ్ళున్నారు. అయి ఉండొచ్చు. కానీ అతని షాట్‌లో ఉన్న ఇబ్బంది ఆ ఏడాదే బయటపడింది. బయటపడకుండా దాచుకోగలిగితే మేలనుకునేవాడికి నా సలహా పనికిరాదు.

ఆడపిల్లల ఆట దగ్గరికి వచ్చేసరికి అందరూ క్యాట్లిన్ క్లార్క్ పేరు చెబుతారు. వెస్ట్ డిమాయిన్ అమ్మాయి. నోటర్ డామ్‌ను కాదని ఇంటి పక్క ఐయోవాకు వెళ్ళింది, జట్టు మొత్తాన్ని మోసింది, 2023లోనూ 2024లోనూ ఫైనల్ దాకా తీసుకెళ్ళింది. అంతకంటే అవసరమైన ఆటగత్తె మరొకరు లేరు. ఒప్పుకుంటాను. అయితే డబ్ల్యూఎన్‌బీఏ నిబంధన వేరు: అమెరికా అమ్మాయి ఇరవై రెండేళ్ళ వయసుకో నాలుగేళ్ళ చదువు ముగిశాకో గానీ డ్రాఫ్ట్‌కు రాదు. నాలుగేళ్ళుంటే కోచ్‌కు తీరిక ఉంటుంది. క్లార్క్ కోచ్ లీసా బ్లూడర్ 2000 నుంచి 2024 దాకా అక్కడే పనిచేసింది. పైగా 2024 ఏప్రిల్‌లో క్లీవ్‌లాండ్‌లో జరిగిన ఫైనల్ ఎలా ముగిసిందో చూడు. డాన్ స్టేలీ నడిపే దక్షిణ కరోలినా 87-75తో గెలిచి 38 మ్యాచ్‌ల సీజన్‌ను ఓటమి లేకుండా ముగించింది. క్లార్క్ 30 పాయింట్లు చేసింది. కానీ ఐయోవా బెంచీ నుంచి ఒక్క పాయింటూ రాలేదు. దక్షిణ కరోలినా బెంచీ 37 చేసింది. ఆ రోజు గెలిచిన జట్టులో అందరికంటే ఎక్కువగా 19 పాయింట్లు చేసింది టెస్సా జాన్సన్ అనే మొదటి ఏడాది అమ్మాయి, అదీ బెంచీ మీంచి లేచి వచ్చి. మిన్నెసోటా నుంచి వచ్చిన ఆ అమ్మాయికి మొదటి అయిదుగురిలో చోటిచ్చే కాలేజీలు బోలెడు దొరికి ఉండేవి.

రెండో పెద్ద మొత్తం తీసుకో

2021 జూలై 1 నుంచి ఆటగాళ్ళు తమ పేరు మీద, బొమ్మ మీద డబ్బు తీసుకోవచ్చు. 2025 జూన్‌లో ఒక దావా రాజీకి కోర్టు ఆమోదం తెలిపాక కాలేజీలే నేరుగా ఇస్తున్నాయి. మొదటి ఏడాదికి ఒక్కో కాలేజీ అన్ని ఆటలకూ కలిపి పంచగల పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. ఎన్నో ఏళ్ళు ఆ పిల్లల చెమట మీద కాలేజీలు, టీవీ కంపెనీలు, కోచ్‌లు బాగుపడ్డారు. వాళ్ళకు డబ్బు రావడం న్యాయం. అందులో నాకు రెండో ఆలోచన లేదు.

కానీ అన్నిటికంటే పెద్ద మొత్తం రాసిన కాగితం మీద సంతకం పెట్టొద్దు, రెండోదాని మీద పెట్టు. అన్నిటికంటే ఎక్కువ ఇచ్చే కాలేజీ అంటే నీ అవసరం అన్నిటికంటే ఎక్కువ ఉన్న కాలేజీ. అంత పోసినవాళ్ళు నిన్ను కూర్చోబెట్టలేరు. డబ్బిచ్చిన దాతలు ఊరుకోరు. నువ్వు అలిసిపోయినా, చీలమండ వాచినా, ఆట గాడి తప్పినా ఆడిస్తూనే ఉంటారు.

"ఒక్క ఏడాదిలో పది లక్షల డాలర్లు తేడా వస్తే వదులుకోమంటావా?" అని తండ్రి అడుగుతాడు. అయ్యా, లెక్క ఇలా చూడండి. 2025లో మొదటి పిక్ అయిన కూపర్ ఫ్లాగ్‌కు ఎన్‌బీఏలో మొదటి ఏడాది జీతం 1 కోటి 30 లక్షల డాలర్లకు పైనే. అది కూడా అసలు డబ్బు కాదు. అసలు డబ్బు రెండో ఒప్పందంలో ఉంది. కెంటకీ బెంచీ మీద కూర్చున్న బుకర్‌కు 2018లో అతని ఎన్‌బీఏ జట్టు ఫీనిక్స్ రాసిచ్చింది అయిదేళ్ళకు 15 కోట్ల 80 లక్షల డాలర్లు. ఆ ఒప్పందం ఎవరూ పేరు చూసి ఇవ్వరు, ఆట చూసే ఇస్తారు. పద్దెనిమిదో ఏట మీ అబ్బాయి ఆటలో మిగిలిపోయిన లోటు ఇరవై రెండో ఏట ఆ కాగితం మీద కనిపిస్తుంది. ఇంట్లో అద్దె కట్టలేని పరిస్థితి ఉంటే రెండో పెద్ద మొత్తం కూడా ఆ అద్దెను తీరుస్తుంది.

ఈ సలహా ఎన్‌బీఏకు వెళ్ళడం దాదాపు ఖాయమైన కొద్దిమందికే. కాలేజీ ఆటగాళ్ళలో ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో పేరు వినేది నూటికి ఒకరు, అటూ ఇటూగా. మిగిలినవాళ్ళలో చాలామందికి కాలేజీలో వచ్చే డబ్బే జీవితంలో ఆట మీద వచ్చే పెద్ద డబ్బు. వాళ్ళు ఎక్కువ ఇచ్చేచోటికి వెళితే నేను తప్పు పట్టను.

ఎవరిదైనా, మొత్తం ఎంతైనా, అరచేతిలో వైకుంఠం చూపించేవాళ్ళతో జాగ్రత్త. అమెరికన్ ఫుట్‌బాల్‌లో జేడెన్ రషాడా అనే క్వార్టర్‌బ్యాక్ 1 కోటి 30 లక్షల డాలర్లకు పైబడిన మాట నమ్మి ఫ్లోరిడాకు సంతకం చేశాడు. డబ్బు రాలేదు. 2023 జనవరిలో ఆ సంతకం నుంచి విడుదల చేయించుకుని వేరే కాలేజీకి వెళ్ళాడు, 2024లో కోర్టుకెక్కాడు. డబ్బు ఎవరిస్తారు, ఏ తేదీన ఇస్తారు, నువ్వు గాయపడితే ఏమవుతుంది, కోచ్ మారితే ఏమవుతుంది: ఈ నాలుగూ రాసి లేకపోతే ఆ కాగితానికి విలువ లేదు. ఆ కాలేజీతోగానీ ఏజెంటుతోగానీ సంబంధం లేని లాయరుకు నీ డబ్బుతో ఫీజు కట్టి చదివించు.

నీ మనిషికి ఉద్యోగం ఇచ్చినచోటికి వెళ్ళొద్దు

నీ తండ్రికో, వేసవి జట్టు కోచ్‌కో, చిన్నప్పటి శిక్షకుడికో ఒక కాలేజీలో అసిస్టెంట్ ఉద్యోగం వచ్చిందంటే అది గౌరవమే. మైకేల్ పోర్టర్ జూనియర్ తండ్రిని 2016లో వాషింగ్టన్ తీసుకుంది, కొడుకు అక్కడికి వస్తానన్నాడు. కోచ్‌ను తీసేశాక తండ్రికి మిజోరీలో ఉద్యోగం వచ్చింది, కొడుకూ అక్కడికే వెళ్ళాడు. వెన్ను గాయంతో మూడే మ్యాచ్‌లు ఆడి 14వ పిక్ అయ్యాడు. గాయం ఎక్కడైనా అయ్యేదే, అది ఆ కుటుంబం తప్పు కాదు. నా భయం వేరు. ఇంటి మనిషి జీతం నీ మీద ఆధారపడితే, ఆ కాలేజీలో నీకు గిట్టనిది జరిగినప్పుడు ఎవరితో చెప్పుకుంటావు?

సలహా ఇచ్చే ప్రతివాణ్ణీ ఒక్క ప్రశ్న అడుగు: నేను అక్కడికి వెళితే మీకేం వస్తుంది? బ్రయాన్ బోవెన్ కథలో ఈ ప్రశ్న వేసినవాళ్ళు లేరు. అతను లూయివిల్‌కు వెళ్ళేలా తండ్రికి లక్ష డాలర్లు చేర్చే ఏర్పాటు జరిగిందని 2017 సెప్టెంబరులో ఎఫ్‌బీఐ బయటపెట్టింది. ఏడాది తరవాత అడిడాస్ ఉద్యోగి జేమ్స్ గాట్టోతో పాటు మరో ఇద్దరిని జ్యూరీ దోషులుగా తేల్చింది. బోవెన్ మాత్రం ఏ కాలేజీ తరఫునా ఒక్క మ్యాచ్ కూడా ఆడలేక సిడ్నీకి వెళ్ళి ఆడాడు.

విందు మానుకుని ప్రాక్టీసు చూడు

కాలేజీ ఖర్చు మీద జరిగే అధికారిక సందర్శన రెండు రాత్రులు. ఇద్దరు కుటుంబ సభ్యుల ప్రయాణం కూడా వాళ్ళదే. నీ పేరు రాసిన జెర్సీ వేయిస్తారు, లైట్లు ఆర్పి పొగ మధ్య ఫొటోలు తీస్తారు, ఖరీదైన హోటల్లో భోజనం పెడతారు. మర్యాదగా ఒక పూట తిను. మిగతా సమయం నువ్వే అడిగి తీసుకో.

సీజన్ మధ్యలో, ఓడిపోయిన మరుసటి రోజు ప్రాక్టీసు చూపించమని అడుగు. నిబంధనల ప్రకారం సీజన్‌లో వారానికి 20 గంటలు, రోజుకు 4 గంటలు దాటకూడదు. ఆ గంటలు ఎలా గడుస్తున్నాయో కోర్టు పక్కన కూర్చుని చూడు. తప్పు చేసిన స్టార్‌ను, తప్పు చేసిన పదకొండోవాణ్ణి కోచ్ ఒకేలా తిడుతున్నాడా? స్టార్ దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గిందా? తగ్గితే లేచి వచ్చెయ్.

ఆ పదకొండోవాడితో ఒంటరిగా కూర్చో. రిక్రూట్‌లకు ఆతిథ్యం ఇవ్వడానికి కాలేజీ పంపేది ఎప్పుడూ నవ్వుతూ ఉండే స్టార్‌ను. నువ్వు అడగాల్సింది మ్యాచ్‌కు మూడు నిమిషాలు ఆడేవాణ్ణి. అతనికి ఫిజియో సమయం ఇస్తున్నారా, చదువులో వెనకబడితే పట్టించుకుంటున్నారా, కోచ్ అతనితో ఆఖరుసారి ఎప్పుడు మాట్లాడాడు, అడుగు. నాకు తెలిసినంతలో ఒక జట్టు గురించి నిజం తెలుసుకోవడానికి ఇంతకంటే నమ్మకమైన దారి లేదు. ఎందుకంటే నీకు మోకాలు దెబ్బతిన్న రోజున, వరసగా పది షాట్లు తప్పిన వారంలో, నువ్వు కూర్చోబోయేది అతని పక్కనే.

ఆ కాలేజీ వదిలి వెళ్ళినవాళ్ళనూ పిలువు. 2025 వసంతంలో, కాలేజీ మారాలనుకునేవాళ్ళు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో చేరిన పురుషుల మొదటి డివిజన్ ఆటగాళ్ళు రెండు వేలు దాటారు. నువ్వు చూస్తున్న ప్రతి జట్టు నుంచీ నలుగురైదుగురు వెళ్ళిపోయే ఉంటారు. వాళ్ళలో ఇద్దరికి ఫోను చెయ్యి. నిమిషాలు రాలేదని వెళ్ళారా, మాట తప్పారని వెళ్ళారా అన్నదే తెలియాలి. మొదటిది నీకు అడ్డు కాదు.

కోచ్‌తో చివరగా మాట్లాడేటప్పుడు "నా ఆటలో ఏం బాగాలేదు?" అని అడిగి నోరు మూసుకో. పొగడ్తతో మొదలుపెట్టి పొగడ్తతో ముగించినవాడు నిన్ను గమనించలేదు. ఎడమచేతి వైపు డ్రిబుల్ బలహీనమని, అలిసినప్పుడు డిఫెన్సులో నిలబడిపోతున్నావని, ఫలానా మ్యాచ్‌లో నాలుగో క్వార్టర్‌లో ఫలానా తప్పు చేశావని చెప్పినవాడు నీ మ్యాచ్‌లు నిజంగా చూశాడు.

రెండేళ్ళకని వెళ్ళు

నువ్వు దేశంలో మొదటి ర్యాంకువాడివైనా రెండేళ్ళు ఉండేందుకు సిద్ధపడి వెళ్ళు. రెండేళ్ళు ఉండలేని చోట ఒక్క ఏడాదీ బాగుండదు. 2006లో ఫ్లోరిడా టైటిల్ గెలిచాక జోకిమ్ నోవా, ఆల్ హార్ఫర్డ్, కోరీ బ్రూవర్ ముగ్గురూ డ్రాఫ్ట్‌కు పోకుండా వెనక్కి వచ్చారు. నోవా ఆ ఏడాదే వెళితే అందరికంటే ముందు వరసలో ఉండేవాడని అప్పటి అంచనా. మళ్ళీ గెలిచారు. 2007లో హార్ఫర్డ్ మూడో పిక్, బ్రూవర్ ఏడు, నోవా తొమ్మిది. నోవా కొన్ని స్థానాలు పోగొట్టుకున్నాడు. పోగొట్టుకున్నా, 2014లో ఎన్‌బీఏ ఉత్తమ డిఫెండర్ అయ్యాడు.

కోచ్‌ను చూసి మాత్రం కాలేజీని ఎంచుకోవద్దని పెద్దవాళ్ళు చెబుతారు, ఆ ఒక్క పాత సలహా సరైనదే. 2024 ఏప్రిల్‌లో క్యాలిపారి పదిహేనేళ్ళ కెంటకీని వదిలి ఆర్కన్సా వెళ్ళాడు, కెంటకీకి మాటిచ్చిన కుర్రాళ్ళలో కొందరు వెంటే నడిచారు. అదే ఏడాది అక్టోబరులో, సీజన్‌కు మూడు వారాలైనా లేనప్పుడు, వర్జీనియాలో టోనీ బెనెట్ తప్పుకున్నాడు. డిసెంబరులో, సీజన్ నడుస్తుండగానే, మయామీ కోచ్ లరనాగా దిగిపోయాడు. కోచ్ లేకపోయినా అక్కడే ఉంటావా అని నిన్ను నువ్వు అడుగు. మంచి ఆటగాళ్ళు నిండిన జట్టు అయితే కోచ్ పోయినా ప్రాక్టీసులో నీకు ఎదురు నిలబడేవాళ్ళు కొందరైనా మిగులుతారు. నిన్ను నమ్ముకుని మాత్రమే కట్టిన జట్టయితే అతను పోయాక ఏమీ మిగలదు.

కాదన్న మాట నువ్వే చెప్పు

అన్నీ చూశాక నిర్ణయం తీసుకుంటావు. టీవీ ముందు బల్ల మీద అయిదు కాలేజీల టోపీలు పెట్టి ఒకటి తీసే సంబరం ఇష్టమైతే చేసుకో. కానీ దానికి ముందు రోజు రాత్రికల్లా మిగతా నాలుగు కాలేజీల కోచ్‌లకూ నువ్వే ఫోను చెయ్యి. మీ నాన్నో ఏజెంటో కాదు, మెసేజీ పెట్టి ఊరుకోవడమూ కాదు. నా సలహా విన్నవాడివైతే ఆ నలుగురిలో ఒకడు నిన్ను నిజంగా, అందరికంటే ఎక్కువ కోరుకున్నవాడు. తొమ్మిదో తరగతిలో నువ్వెవరో ఎవరికీ తెలియనప్పుడు వచ్చి ఖాళీ జిమ్‌లో నీ ఆట చూసినవాడు అతనే కావచ్చు. అతనికి మొదట చెయ్యి. బాధపడతాడు. ఇంకో రెండు నిమిషాలు మాట్లాడదామంటాడు, మొదటి అయిదుగురిలో చోటు గురించి మళ్ళీ చెబుతాడు, మొత్తం కొంచెం పెంచుతానంటాడు. విను, కృతజ్ఞత చెప్పు, బేరం మాత్రం మొదలుపెట్టకు. అతని దగ్గర పనిచేసే, మూడేళ్ళు నీ మ్యాచ్‌లన్నిటికీ కారు నడుపుకుంటూ వచ్చిన అసిస్టెంట్ నంబరు అడిగి, అతనికీ విడిగా ఫోను చెయ్యి.